కొరియా వైద్య పరిశోధనను నెల్లూరు ఇంట్లో చదువుకోవడం ఎలా

కోవూరులో ఉండే మా పెద్ద మేనమామకు గుండెలో స్టెంటు వేసి ఆరేళ్లయింది. ఏటా సంక్రాంతి వెళ్లగానే ఆయన్ని నెల్లూరు పొగతోటకు తీసుకువెళ్లి టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండె పనితీరు చూసే పరీక్ష చేయించడం మా ఇంట్లో ఆనవాయితీగా మారింది. ఆయనకు ఆయాసం లేదు, ఛాతీలో నొప్పి లేదు, పొలం గట్ల మీద రోజూ రెండు మైళ్లు నడుస్తారు. అయినా ఆ పరీక్ష చేయించకపోతే ఏదో అపచారం చేసినట్టు అందరం భావించేవాళ్లం. రెండేళ్ల క్రితం నేను ఒక కొరియా పరిశోధన చదివి, అందులోని ముఖ్యమైన నాలుగు సంగతులు చీటీ మీద రాసుకుని డాక్టరు గారి ముందు పెట్టాను. ఆ చీటీ ఎలా తయారైందో, అలాంటిది ఎవరైనా తమ ఇంటి అవసరానికి ఎలా తయారు చేసుకోవచ్చో ఇక్కడ చెబుతాను. నేను వైద్యుణ్ని కాను, ముప్పై ఏళ్లు కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. కనుక ఈ వ్యాసంలో ఏ మందూ మార్చుకోమని గాని, మానేయమని గాని చెప్పను. చదివే పద్ధతి మాత్రమే చెబుతాను.

కొరియా లెక్కలు మనకెందుకు

దక్షిణ కొరియాలో 1989 నాటికి ప్రజలందరూ ఆరోగ్య బీమా కిందకు వచ్చారు. వందలాదిగా ఉన్న బీమా సంఘాలను 2000లో ఒకే జాతీయ సంస్థగా కలిపేశారు. ఫలితంగా సుమారు 5 కోట్ల మంది ఏ జబ్బుతో ఆసుపత్రికి వెళ్లారు, ఏ మందు ఎన్నాళ్లు వాడారు, తర్వాత ఏమైంది అన్న వివరాలు ఒకే చోట చేరాయి. పెద్దవాళ్లకు రెండేళ్లకు ఒకసారి బీపీ, షుగరు వంటి సాధారణ పరీక్షలు ఆ బీమా కిందే జరుగుతాయి. పేర్లు, గుర్తులు తీసేసిన ఆ లెక్కల నుంచి పరిశోధకులు ఏటా లెక్కలేనన్ని వ్యాసాలు రాస్తున్నారు. ఇది కాక, 2001లో అన్సన్ అనే పారిశ్రామిక పట్టణంలోనూ, అన్సోంగ్ అనే వ్యవసాయ ప్రాంతంలోనూ 40 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న పది వేల మందిని ఎంచుకుని, రెండేళ్లకోసారి పిలిపించి పరీక్షిస్తూ వచ్చారు. షుగరు, బీపీ ఎవరికి ఎలా మొదలవుతాయో తెలుసుకోవడానికి ఇంత ఓపికగా చేసిన పని ఆసియాలో అరుదు.

వాళ్లూ మనలాగే అన్నం తినేవాళ్లు. ఒళ్లు పెద్దగా చేయకుండానే షుగరు వచ్చే తత్వం వాళ్లలోనూ ఉంది, మనలోనూ ఉంది. అందుకే కిలోల బరువును మీటర్లలో కొలిచిన ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె 25కు చేరితే చాలు, కొరియా వైద్యులు ఊబకాయం అంటారు, పాశ్చాత్య దేశాల్లో ఆ గీత 30 దగ్గర ఉంటుంది. మన దేశపు వైద్యులు కూడా 25నే పాటిస్తారు. నడుము కొలతలో మగవాళ్లకు రెండు దేశాల్లోనూ హద్దు 90 సెంటీమీటర్లే. ఆడవాళ్లకు మాత్రం కొరియాలో 85, మన దగ్గర 80. దర్జీ టేపు తీసుకుని, అడుగు పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన, గాలి మామూలుగా వదిలాక కొలవాలి. ప్యాంటు సైజు చూసి చెప్పుకునే కొలత దీనికి పనికిరాదు, ప్యాంటు ఎప్పుడూ బొజ్జ కిందే కూర్చుంటుంది.

మన జిల్లాకూ కొరియాకూ పాత చుట్టరికం ఒకటి ఉంది. సియోల్‌లో 1997లో అంతర్జాతీయ టీకాల సంస్థ ఏర్పడింది. కలరాకు నోటి ద్వారా వేసే చవకైన టీకా తయారు చేయాలని ఆ సంస్థ తలపెట్టినప్పుడు, ఆ పని చేసిపెట్టింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెం వారు. కోల్‌కతా బస్తీల్లో వేలాది మంది మీద పరీక్షించిన ఆ టీకాకు 2009లో మన దేశంలో అనుమతి వచ్చింది.

ఎక్కడ వెతకాలి

వాట్సాప్‌లో వచ్చే ‘కొరియా శాస్త్రవేత్తలు తేల్చారు’ అన్న సందేశం నుంచి అసలు వ్యాసం దాకా వెళ్లడం అనుకున్నంత కష్టం కాదు. పబ్‌మెడ్ అనే అమెరికా ప్రభుత్వ సూచీలోనూ, కొరియామెడ్ అనే వాళ్ల సొంత సూచీలోనూ వెతకడానికి రుసుము లేదు. కొరియా వైద్య పత్రికల్లో చాలావాటిని ఇంగ్లీషులోనే వెలువరిస్తారు, పూర్తి వ్యాసాలు కూడా ఎక్కువగా ఉచితంగానే దొరుకుతాయి. వెతుకు పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో జబ్బు పేరు, దాని పక్కన కొరియా, దాని పక్కన ర్యాండమైజ్డ్ అన్న మాట కొట్టాలి. ఆ మూడో మాట చాలా ముఖ్యం, ఎందుకో వెంటనే చెబుతాను. సందేశంలో పరిశోధన జరిగిన ఏడాది గాని, పత్రిక పేరు గాని, కనీసం ఆసుపత్రి పేరు గాని లేకపోతే వెతకడం కూడా దండగ, ఆ సందేశాన్ని అక్కడే వదిలేయండి.

వ్యాసం మొత్తం చదవనక్కరలేదు. మొదట ఉండే సారాంశంలో నాలుగు ముక్కలుంటాయి: ఎందుకు చేశారు, ఎలా చేశారు, ఏం తేలింది, ఏమనుకుంటున్నారు. మనవాళ్లు చాలామంది నాలుగోది చదివి ఆగిపోతారు. చదవాల్సినవి రెండోది, మూడోది. ఇంగ్లీషు కష్టమైతే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఫోను చేసే అనువాదంలో అంకెలు సరిగానే ఉంటాయి గాని, ‘తేడా లేదు’ అన్నదీ ‘తేడా ఉన్నట్టు రుజువు కాలేదు’ అన్నదీ ఒకటైపోయే ప్రమాదం ఉంది.

రాగి జావ తాగేవాళ్ల ఆరోగ్యం

పరిశోధనలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, ఉన్నవాళ్లను ఉన్నట్టే గమనించడం. బీమా లెక్కల నుంచి వచ్చేవన్నీ ఈ కోవలోవే. రెండోది, చీట్లు వేసినట్టు జనాన్ని రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుకు ఒక వైద్యం, రెండో గుంపుకు మరో వైద్యం ఇచ్చి ఫలితం చూడడం. ర్యాండమైజ్డ్ అంటే ఈ చీట్లు వేయడమే.

మొదటి రకంలో మనిషి ఎక్కడ పొరబడతాడో చూడాలంటే పొద్దున్నే నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వైపు వెళ్తే చాలు. నడక ముగించుకున్నవాళ్లు బయట రాగి జావ తాగుతుంటారు. జావ తాగేవాళ్లనూ తాగనివాళ్లనూ పదేళ్లు గమనిస్తే, తాగేవాళ్లకే గుండె జబ్బులు తక్కువని తేలవచ్చు. కానీ ఆ మేలు జావ వల్ల వచ్చిందా, నడక వల్ల వచ్చిందా, పొద్దున్నే గంటసేపు తీరిక దొరికే ఉద్యోగం వల్ల వచ్చిందా, ఒంట్లో బాగున్నవాళ్లే నడకకు రాగలగడం వల్ల వచ్చిందా? పరిశోధకులు వయసు, సంపాదన, పొగ తాగే అలవాటు వంటివి లెక్క కట్టి సరిచేస్తారు గాని, అన్నింటినీ సరిచేయడం ఎవరి తరమూ కాదు. ఐదు కోట్ల మంది లెక్కయినా ఈ లోపం పోదు, కొలిచేవాళ్లు పెరిగినంత మాత్రాన తప్పు కొలబద్ద ఒప్పవదు. కాఫీ తాగితే ఇంత తగ్గింది, ఫలానా గ్యాస్ మాత్రతో అంత పెరిగింది అన్న వార్తల్లో అధికభాగం ఈ రకానివే. వాటిని కొట్టిపారేయనక్కరలేదు, వాటిని చూసి మాత్రం మాత్ర మానేయకూడదు.

మామయ్య చీటీ వెనకున్న పరిశోధన

ఇప్పుడు రెండో రకానికి చెందిన ఒక పరిశోధనను దగ్గరగా చూద్దాం. సియోల్‌లోని ఆసాన్ వైద్య కేంద్రం వారి నాయకత్వంలో కొరియాలోని 11 ఆసుపత్రులు చేసిన ఈ పని 2022లో అచ్చయింది. స్టెంటు వేసిన ఏడాదికి, ఏ బాధా లేకపోయినా టీఎంటీ లాంటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరిగా చేయిస్తే మేలా, లేక బాధ కనిపించినప్పుడే చేయిస్తే సరిపోతుందా అన్నది వాళ్ల ప్రశ్న.

మొదట చూడాల్సింది ఎవరిని తీసుకున్నారు అన్నది. మొత్తం 1,706 మంది, సగటు వయసు 65కు దగ్గర. వాళ్లు తేలికపాటి రోగులు కారు. షుగరు ఉన్నవాళ్లు, ఎక్కువ నాళాలకు స్టెంట్లు పడ్డవాళ్లు, ఎడమ ప్రధాన నాళంలో స్టెంటు ఉన్నవాళ్లు, అంటే ప్రమాదం ఎక్కువున్నవాళ్లనే ఏరి తీసుకున్నారు. ఇది మా మామయ్య విషయంలో నాకు బాగా పనికొచ్చింది, ఆయనకూ షుగరుంది.

తర్వాత దేనిని కొలిచారు అన్నది. ఇక్కడ కొలిచింది ల్యాబు అంకెను కాదు, మనిషికి జరిగే నష్టాన్ని: చావు, గుండెపోటు, ఛాతీ నొప్పి ముదిరి ఆసుపత్రిలో చేరడం. ఏ పరిశోధనలోనైనా ఈ తేడా పట్టుకోవాలి. కొలెస్ట్రాలు అంకె తగ్గిందని చెప్పే వ్యాసానికీ గుండెపోట్లు తగ్గాయని చెప్పే వ్యాసానికీ మధ్య చాలా దూరం ఉంది.

ఇక ఫలితం. రెండేళ్లలో, పరీక్ష చేయించిన 849 మందిలో 46 మందికి, చేయించని 857 మందిలో 51 మందికి ఆ నష్టాల్లో ఏదో ఒకటి జరిగింది. వందకు 5.5, వందకు 6.0. చీట్లు వేసినప్పుడు యాదృచ్ఛికంగా వచ్చే ఎగుడుదిగుళ్లలో ఇంత తేడా మామూలే కాబట్టి, పరీక్ష వల్ల మేలు జరిగినట్టు కనబడలేదని వాళ్లు తేల్చారు. సారాంశం మూడో ముక్కలో మరో సంగతి ఉంది: పరీక్ష చేయించిన గుంపులో మళ్లీ యాంజియోగ్రాం చేయించుకున్నవాళ్లు, మళ్లీ స్టెంటు వేయించుకున్నవాళ్లు కొంత ఎక్కువ. ఒక పరీక్ష మరో పరీక్షకు దారి తీసింది, ప్రాణాల లెక్క మాత్రం మారలేదు.

ఇంతవరకు చదివి ‘ఇక టీఎంటీ వద్దు’ అనుకుంటే అది తొందరపాటు. ఈ పరిశోధన రెండేళ్లతో ఆగింది, మామయ్యకు ఆరేళ్లు. అదీ కాక, ఛాతీలో పట్టేసినట్టున్నా, మెట్లెక్కుతుంటే కొత్తగా ఆయాసం వచ్చినా ఈ వ్యాసం వర్తించదు, అప్పుడు ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించాల్సిందే. మందులు సక్రమంగా వేసుకోనివాళ్లకూ ఇది వర్తించదు, ఎందుకంటే ఆ రెండు గుంపులకూ మందులు బాగానే అందాయి.

స్టెంటు పడ్డవాళ్లకు పనికొచ్చే మరో రెండు కొరియా పరిశోధనలను క్లుప్తంగా చెబుతాను. 2022లోనే వెలువడిన ఒకదానిలో, గుండె, రక్తనాళాల జబ్బున్న 3,780 మందిలో సగం మందికి రోజువాస్టాటిన్ అనే కొలెస్ట్రాలు మందు 20 మిల్లీగ్రాములు, మిగతా సగం మందికి రోజువాస్టాటిన్ 10తో పాటు ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాలు మందు 10 ఇచ్చి మూడేళ్లు చూశారు. గుండెపోటు, పక్షవాతం వంటివి మొదటి గుంపులో వందకు 9.9, రెండో గుంపులో 9.1. మందు పడక మానేసినవాళ్లు, మోతాదు తగ్గించుకున్నవాళ్లు మాత్రం 8.2కు బదులు 4.8. ఇలాంటి చోట ‘తీసిపోలేదు’ అన్న మాట వాడతారు. మెరుగని దానర్థం కాదు, ఫలితంలో సాటి వచ్చిందని, ఒంటికి కాస్త సులువుగా ఉందని. కొలెస్ట్రాలు మాత్ర వేసుకుంటే పిక్కలు లాగుతున్నాయని చెప్పకుండా మానేసేవాళ్లు మన వీధికొకరుంటారు. అలా మానేసే బదులు ఈ సంగతి డాక్టరును అడగవచ్చు. 2021 నాటి రెండో పరిశోధనలో, స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా వేసుకునే రెండు రకాల మాత్రల గడువు ముగిసి, జీవితాంతం ఒకటే వేసుకోవాల్సిన దశలో ఉన్న సుమారు 5,500 మందికి ఆస్పిరిన్ గాని క్లోపిడోగ్రెల్ గాని ఇచ్చారు. రెండేళ్లలో గుండెపోటు, పక్షవాతం, రక్తస్రావం వంటివన్నీ కలిపి ఆస్పిరిన్ గుంపులో వందకు 7.7, క్లోపిడోగ్రెల్ గుంపులో 5.7. ఈ దశ మీకు వచ్చిందో లేదో చెప్పాల్సింది స్టెంటు వేసిన డాక్టరే. ముందుగానే ఒక మాత్ర ఆపేస్తే స్టెంటు మూసుకుపోయే ప్రమాదముంది.

ప్యాకేజీలో ఉచితంగా వచ్చే మెడ స్కానింగు

కొరియా నుంచి మనం నేర్చుకోవాల్సిన అతి ముఖ్యమైన పాఠం వాళ్ల విజయంలోంచి వచ్చింది కాదు, పొరపాటులోంచి వచ్చింది. 1999లో అక్కడ ప్రభుత్వం కొన్ని క్యాన్సర్లకు పరీక్షల పథకం మొదలుపెట్టింది. థైరాయిడ్ అందులో లేదు. కానీ ఎలాగూ పరీక్షకు వచ్చారు కదా, కొంచెం డబ్బు కడితే మెడకు కూడా స్కానింగు తీస్తామని ఆసుపత్రులు అడగడం, జనం సరేననడం అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సరు 1993తో పోలిస్తే 15 రెట్లు ఎక్కువగా బయటపడింది. ఆ ఒక్క ఏడాదే 40,000 మందికి పైగా ఆ రోగం ఉందని చెప్పారు. థైరాయిడ్ క్యాన్సరుతో చనిపోయేవాళ్లు మాత్రం పదేళ్లుగా ఏడాదికి మూడు, నాలుగు వందల దగ్గరే ఉన్నారు, ఆ అంకె తగ్గలేదు, పెరగలేదు.

అంటే నిజంగా జబ్బు పదిహేను రెట్లు పెరగలేదు, వెతకడం పెరిగింది. మెడలో ఏళ్ల తరబడి ఏ హానీ చేయకుండా పడి ఉండే చిన్న చిన్న గడ్డలు బయటపడ్డాయి, వాటికి శస్త్రచికిత్సలు జరిగాయి. ఆపరేషను అయినవాళ్లలో ఎక్కువమంది జీవితాంతం థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి. 15,000 మందికి పైగా బీమా లెక్కలు చూస్తే, వందకు 11 మందికి కాల్షియంను అదుపు చేసే గ్రంథి దెబ్బతింది, వందకు ఇద్దరికి స్వరతంత్రుల్లో ఒకటి పడిపోయింది. 2014లో కొందరు కొరియా వైద్యులే ముందుకు వచ్చి, లక్షణాలు లేనివాళ్లకు ఈ స్కానింగు ఆపాలని బహిరంగంగా కోరారు. ఆ తర్వాత ఏడాదిలోనే ఆపరేషన్లలో దాదాపు మూడో వంతు తగ్గిపోయాయి.

మన దగ్గర పండగ సీజనులో ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల కరపత్రాలు పేపరు మధ్యలో పెట్టి పంచుతున్నారు. వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ కథ గుర్తుంచుకుని, ఒక తేడా గమనించండి. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష వేరు, మెడ స్కానింగు వేరు. నీరసం, బరువు పెరగడం, నెలసరి తేడాలు ఉన్నప్పుడు డాక్టరు రాసే రక్తపరీక్షతో థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందా, ఎక్కువ పనిచేస్తోందా తెలుస్తుంది, దానికి మందూ ఉంది. నేను మాట్లాడుతున్నది ఏ బాధా లేనివాళ్లకు తీసే స్కానింగు గురించి. మెడలో చేతికి గడ్డ తగిలినా, గొంతు బొంగురుపోయి వారాల తరబడి తగ్గకపోయినా, మింగుడు కష్టమైనా ఆ స్కానింగు అవసరమే. ప్యాకేజీ కట్టేటప్పుడు ‘ఇందులో ఏదైనా బయటపడితే తర్వాత ఏం చేస్తారు?’ అని కౌంటరులో ఒక్క మాట అడిగి చూడండి. నేను అడిగిన చోట ఆ అమ్మాయి, ‘అది డాక్టరు గారు చెబుతారండీ, మీకు ఈ నెలాఖరు దాకానే ఆఫరు’ అంది.

కడుపులో క్రిమి, ఉప్పులో అంకె

కొరియాలో కడుపు క్యాన్సరు ఎక్కువ. అందుకే 40 ఏళ్లు దాటినవాళ్లకు రెండేళ్లకోసారి ఎండోస్కోపీ అక్కడి ప్రభుత్వ పథకంలో భాగం. ఆ అలవాటును మనం ఉన్నదున్నట్టు దించుకోనక్కరలేదు. మన రాష్ట్రంలో ఆ జబ్బు అంత ఎక్కువ కాదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి మాత్రం మనలో చాలామంది కడుపుల్లో ఉంది.

గోయాంగ్ నగరంలోని జాతీయ క్యాన్సర్ కేంద్రం వారు, అమ్మానాన్నల్లో గాని తోబుట్టువుల్లో గాని ఎవరికైనా కడుపు క్యాన్సరు వచ్చినవాళ్లను 1,676 మందిని తీసుకున్నారు. అందరి కడుపులోనూ ఈ క్రిమి ఉంది. సగం మందికి దాన్ని చంపే మందులు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి తొమ్మిదేళ్లకు పైగా చూశారు. 2020లో వెలువడిన ఫలితం ఇది: మందులు వేసుకున్నవాళ్లలో వందకు 1.2 మందికి, వేసుకోనివాళ్లలో 2.7 మందికి క్యాన్సరు వచ్చింది. దీన్ని పత్రికలు ‘సగానికి పైగా తగ్గింది’ అని రాస్తాయి, అది అబద్ధం కాదు. కానీ ‘తొమ్మిదేళ్లలో వందమందికి ఒకటిన్నర మంది తప్పించుకున్నారు’ అని రాసినా అదే నిజం. చీటీ మీద ఎప్పుడూ ఈ రెండో మాటే రాసుకోవాలి. ఒక పెద్ద జబ్బును ఒక్క కోర్సు మందులతో వందలో ఒకటిన్నర మందికి తప్పించడం నా దృష్టిలో చిన్న విషయం కాదు, అది ఎంతో తెలిసి నిర్ణయించుకోవాలి, అంతే.

ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు గ్యాస్ట్రో డాక్టరును ఈ పరీక్ష గురించి అడగవచ్చు. పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. శ్వాస పరీక్షకు గాని మల పరీక్షకు గాని సాధారణంగా రెండు వారాల ముందు ఆ మాత్రలు, నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్ ఆపమంటారు, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపించవచ్చు. కొరియా వాళ్లు ఏ మందులు వాడారో చూసి అవే కొనుక్కోవడం మాత్రం పొరపాటు. ఏ మందుకు ఈ క్రిమి లొంగుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది, మన దగ్గర యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడేశాం కాబట్టి కొన్నింటికి అది మొండికేసింది.

ఉప్పు సంగతి ఒక్క మాటలో చెబుతాను. 2010 ప్రాంతంలో కొరియా మనిషి రోజుకు సగటున 4,800 మిల్లీగ్రాముల దాకా సోడియం తినేవాడు. పులియబెట్టిన కిమ్చీ, చారు, పులుసులు దానికి కారణం. ప్రభుత్వం పట్టుదలగా పనిచేస్తే 2018 నాటికి అది 3,300 లోపుకు దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 2,000, అంటే ఉప్పు రూపంలో ఒక చిన్న చెంచా. పచ్చళ్ల జాడీలు, ఎండు నెత్తళ్లు, ఉప్పు చేపలు ఉన్న ఇళ్లలో కూరలో ఉప్పు తగ్గించడం కన్నా అన్నంలో పచ్చడి ముద్ద చిన్నది చేయడం త్వరగా పనిచేస్తుంది.

మామయ్య వేసిన ప్రశ్న

నేను ఆ వ్యాసం చదివి వినిపించినప్పుడు మామయ్య అన్నమాట ఇది: “ఆళ్లు కిమ్చీ తినేవోళ్లు, మనం చేపల పులుసు తినేవోళ్లం. ఆళ్ల లెక్క మనకెట్టా సరిపోద్దిరా?”

పరిశోధకులు కూడా అడిగే ప్రశ్నే ఆయన అడిగారు. దానికి ప్రతిసారీ ఒకటే జవాబు ఉండదు. స్టెంటు వేసిన నాళం కోవూరులోనైనా సియోల్‌లోనైనా ఒకే రకంగా మూసుకుపోతుంది, అక్కడ లెక్క చాలావరకు సరిపోతుంది. కానీ నీళ్ల సంగతి చూడండి. చియోంగ్జు అనే నగరంలో 1982 నుంచి 2004 వరకు పళ్ల ఆరోగ్యం కోసం కొన్ని ప్రాంతాల కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలిపారు. తర్వాత ఆ ప్రాంతాల్లోని వాళ్ల ఎముకలను మిగతా ప్రాంతాల వాళ్లతో పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు. ఈ వ్యాసం కనిగిరిలో ఒకరి ఫోనులోకి వస్తే, ‘ఫ్లోరైడ్ ఎముకలకు హాని చేయదని కొరియా వాళ్లు తేల్చారు’ అన్న మాటగా మారిపోతుంది. వాళ్లు కలిపింది లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఒకటి దాటకూడదు, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా. కనిగిరి, పొదిలి, దర్శి వైపు అనేక బోర్లలో అంతకు మించే ఉంటుంది. ఫ్లోరైడ్ వల్ల నడుం వంగిపోయే జబ్బును మన దేశంలో తొలిసారి 1937లో వైద్య పత్రికలో వర్ణించింది ఆ పల్లెల మనుషులను చూసే. అప్పట్లో ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. చియోంగ్జు లెక్క తప్పు కాదు, దాన్ని కనిగిరికి తేవడమే తప్పు.

స్క్రబ్ టైఫస్‌ది మరో దారి. పొదల్లో ఉండే నల్లికన్నా చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే ఈ జ్వరం కొరియాలో శరదృతువు కోతల కాలంలో రైతులకు ఎక్కువగా వస్తుంది, మన పల్లెల్లోనూ వస్తోంది. తేలికపాటి జ్వరానికి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క మోతాదు కూడా డాక్సీసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్ లాగే పనిచేసిందని 2004లో ఒక చిన్న కొరియా పరిశోధన చెప్పింది. జబ్బు ముదిరినవాళ్ల విషయంలో మాత్రం 2023లో మన దేశపు ఆసుపత్రులే సుమారు 800 మందితో ఇంకా పెద్ద పరిశోధన చేసి, రెండు మందులూ కలిపి ఇస్తే ఏ ఒక్కదానికన్నా మెరుగని తేల్చాయి. ఒకే ప్రశ్నకు మన దేశంలో మంచి జవాబు దొరికినప్పుడు పరాయి జవాబును వెనక్కి జరపాలి. ఇంట్లో ఎవరికైనా నాలుగైదు రోజులు జ్వరం తగ్గకపోతే చంకల్లో, గజ్జల్లో, నడుము పట్టీ కింద, ఆడవాళ్లకైతే రొమ్ముల కింద సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి. అది నొప్పి పుట్టదు కాబట్టి రోగికే తెలియకపోవచ్చు. కనబడితే డాక్టరుకు చూపించడం మరిచిపోకండి.

కొరియా అన్నది నాణ్యతకు ముద్ర కూడా కాదు. మూలకణాల మీద అక్కడి నుంచి 2004, 2005ల్లో వచ్చి ప్రపంచాన్ని ఊపేసిన రెండు వ్యాసాలు కల్పితాలని తేలి, 2006 జనవరిలో పత్రికే వాటిని వెనక్కి తీసుకుంది. మోకాళ్ల అరుగుదలకు 2017లో అనుమతి పొందిన ఇన్వోసా అనే ఇంజెక్షన్‌లో ఉండాల్సిన కణాలకు బదులు మూత్రపిండం నుంచి వచ్చిన కణాలున్నాయని బయటపడి, 2019లో అనుమతి రద్దు చేశారు. మోకాళ్ల నొప్పులకు ‘కొరియా టెక్నాలజీ’ అని ప్రకటన కనబడితే ముందు మన దేశంలో దానికి అనుమతి ఉందా అని అడగాలి. జిన్సెంగ్ అనే కొరియా వేరుతో చేసిన గొట్టం మాత్రల గురించి కూడా ఒక జాగ్రత్త: రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అవి మొదలుపెట్టకూడదు.

చీటీ రాయడం

అర ఠావు కాగితం చాలు. పైన రోగి వయసు, ఉన్న జబ్బులు, వేసుకుంటున్న మాత్రల పేర్లు, మోతాదులు రాయండి. పేర్లు గుర్తులేకపోతే ఖాళీ అట్టలే తీసుకెళ్లండి, ‘తెల్ల మాత్ర, పచ్చ మాత్ర’ అన్న వర్ణన ఎవరికీ పనికిరాదు. దాని కింద పరిశోధన గురించి ఒక్కొక్క వాక్యం: ఏ ఏడాది, ఎంతమంది, ఎలాంటివాళ్లు, దేనితో దేన్ని పోల్చారు, వందకు ఎంతమందికి ఏం జరిగింది. ఆఖరున ఒకే ఒక ప్రశ్న. ‘కొరియా వాళ్లు వద్దన్నారు, మీరెందుకు రాస్తున్నారు’ అన్న ధోరణిలో అడిగితే అరవై మంది రోగులు బయట కూర్చుని ఉన్న డాక్టరు విసుక్కోవడంలో వింత లేదు. నేను రాసుకెళ్లిన ప్రశ్న ఇది: ‘ఏ బాధా లేదు కనుక మా మామయ్యకు ఈ ఏడాది టీఎంటీ తప్పనిసరా, లేక వేరే ఏదైనా ముందు చూడాలా?’

వ్యాసం మొత్తం అచ్చు తీసి తీసుకెళ్లకండి. ఫోనులో తెరిచి ఉంచుకోండి, అడిగితే చూపించవచ్చు. చీటీ వెనక వైపు ఖాళీగా ఉంచండి. డాక్టరు చెప్పింది అక్కడే, ఆయన ఎదుటే, తేదీ వేసి రాసుకోవాలి, ఎందుకంటే బయటికొచ్చి ఆటో ఎక్కేలోగా ఇంట్లో ముగ్గురికి మూడు రకాలుగా గుర్తుంటుంది. మా చీటీ వెనక నా చేతిరాతతో ఇలా ఉంది: ‘టీఎంటీ ఇప్పుడు అక్కర్లేదు. మూడు నెలల షుగరు సగటు చాలా ఎక్కువగా ఉంది, ముందు అది తగ్గించాలి. ఆయాసం వస్తే ఆ రోజే రావాలి.’